మోచెయ్యి ఆనిన చోటు

రెండువేల ఎనభై నాటికి జనం సెలవు దొరికితే పాడుబడిన చోట్లు చూడటానికే వెళ్తున్నారు. చేతికి స్పర్శగ్రాహి తొడుక్కుని మూతపడ్డ బడులు, సినిమాహాళ్లు తిరుగుతున్నారు. పల్చటి ఆ తొడుగుతో ఏ గొళ్లేన్నో తాకితే చాలు, దాన్ని చివరిసారి పట్టుకున్న మనిషి చెయ్యి మన చేతికి తెలుస్తుంది. చర్మం వదిలిన ఉప్పునీ నూనెనీ సెన్సర్లు చదివి, ఆ ఒత్తిడినీ వెచ్చదనాన్నీ మళ్లీ పుట్టిస్తాయి. అదేమిటో తొడుగులోని యంత్రపు గొంతు చెబుతుంది. తొడుగు తన జాడ వదలదు. వట్టి చేత్తో తాకితే మాత్రం పాత స్పర్శ చెరిగిపోతుంది.

ఆ తొడుగును కనిపెట్టిన దాలినాయుడు తూర్పు కనుమల్లోని పాత జలవిద్యుత్ కాలనీకి అందరిలాగే టికెట్టు కొనుక్కుని వచ్చాడు. నది ఎండిపోయాక ఖాళీ అయిన కాలనీ అది. భార్య పావనితో అతను కాపురమున్న క్వార్టరు అక్కడే ఉంది. ఆమె పోయింది కూడా అందులోనే. ఆమె స్పర్శ ఒక్కటైనా మిగిలుంటుందేమోనని అతని ఆశ.

ఆ క్వార్టరు గుమ్మంలో ఒకావిడ గొళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె తొడుగు చంకలో ఉంది.

“ఏటమ్మా, తొడుగు తీసీసినావు?”

“ఎవరో చెయ్యి గట్టిగా పట్టుకున్నారు బాబుగారూ. తిరిగి పట్టుకోకుండా ఊరికే ఎలా ఉంటాం?”

“ఎవరో ఎరికేనా?”

“తెలీదండీ” అందామె సిగ్గుపడుతూ.

దాలినాయుడు లోపలికెళ్లి స్విచ్చులు, కిటికీ ఊచలు, అలమర తలుపు తాకి చూశాడు. అన్నింటా ఇలాంటి యాత్రికుల చేతులే. ‘ఒక్కరికీ నిగ్రహం లేదు’ అని విసుక్కుంటూ వంటింట్లోకి నడిచి, లోపలినుంచి తలుపు చేరవేశాడు.

పావని రెండు చేతుల్లో గిన్నెలతో ఆ వంటింటి తలుపును మోచేత్తో నెట్టుకుని వచ్చేది. అతను లేవబోతే, “మీరు లేచొచ్చీసరికి చారు చల్లారిపోద్ది, కూకోండి” అని నవ్వేది.

గొళ్లేనికి జానెడు కింద, ఎవరి చెయ్యీ పడని చోట తొడుగు ఆనించాడు.

ఒక తోపు. మొద్దుగా, వెచ్చగా, తొందరగా.

“నాయుడుగారూ, ఇది మోచెయ్యి” అంది తొడుగులోని గొంతు.

అతను మళ్లీ తాకాడు. మళ్లీ అదే తోపు. అతని ఎడమచెయ్యి తొడుగు అంచు పట్టుకుంది.

“తీయకండి. జాడ చెరిగిపోతుంది. ఈ మాట నాకు నేర్పింది మీరే.”

“తెల్సు తల్లీ.”

వట్టి అరచేతికి చెక్క చల్లగా తగిలింది. తలుపు కిర్రుమని తెరుచుకుంది. చాలాసేపు దాన్నలాగే పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత తొడుగు వేసుకుని, ఆ చోటే తాకి అడిగాడు. “ఇప్పుడేటున్నాదమ్మా?”

“మీ చెయ్యి ఒక్కటే ఉంది.”

మళ్లీ ఆ గొంతే అంది. “వెనకాల ఎవరో చేతులనిండా పట్టుకుని వస్తుంటే, తలుపు తీసి ఉంచినట్టుంది.”