డిక్కీలో రెండు కొబ్బరికాయలు

"నాయన్ని, ఆయన బండెక్కినోళ్లని, అందరినీ కలిపి లోయలోకి తోయాలనుకున్నారా మీరు? నువ్వు, టాక్సీ స్టాండులో ఆ ఢిల్లీబాబు, ఆ డ్రైవర్లందరూ కలిసి?"

లోహిత రెండు చేతుల్లో రెండు కొబ్బరికాయలున్నాయి. అప్పుడే కారు డిక్కీలోంచి తీసింది. పీచు ఎండి నల్లబడిపోయింది. తల్లి మునెమ్మ పెనం మీద నీళ్లు చల్లింది గానీ తల తిప్పలేదు.

లోహిత రేణిగుంట ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, అక్కడే హాస్టల్లో ఉంటుంది. ఆ శనివారం తెల్లవారుతూనే తండ్రి ఏకాంబరం తన టాక్సీలో వచ్చి ఇంటికి తీసుకొచ్చాడు. దారి పొడుగునా కారు ముందు భాగంలో టక్, టక్ అని ఒకటే శబ్దం. "ఏంది నాయనా అది?" అని అడిగితే, "ఏదీ? ఏం లేదే!" అన్నాడు. ముప్పై ఏళ్లుగా తిరుమల ఘాట్ రోడ్డు మీద బండి నడుపుతున్న మనిషి. పక్క బండి ఇంజను విని అందులో ఏం చెడిందో చెప్పే మనిషి. ఇంటికి చేరగానే లోహిత స్టాండుకు ఫోను చేస్తే, "డిక్కీలో మీ అమ్మ పెట్టిన కాయలు పాపా, ఎక్కినోళ్లకు మేమందరం చెప్పేది అదే," అన్నాడు ఢిల్లీబాబు.

"కొండెక్కేముందు అలిపిరి కాడ కొట్టే కాయలు గదా అవి," అంది మునెమ్మ.

"అవి ఆ పొద్దు ఆడనే కొంటారు, ఆడనే కొడతారు. ఇవి మూడు నెల్లనాటివి. యెందుకు పెట్టినావు మా?"

మునెమ్మ పొయ్యి ఆర్పింది.

"ఎక్కినోళ్లంతా శబ్దం శబ్దం అంటా ఉన్నారు. ఆయనకు వినపడదు. చెవిటోడి బండి అని పేరొస్తే యెవురెక్కుతారు? అందుకే పెట్టినా. కాయలు దొర్లుతా ఉండాయి సామీ అని ఢిల్లీబాబు చెప్తాడు. వాళ్లు నమ్ముతారు."

"కాయలు తీసేసి సందు మొదట్లో స్పీడ్ బ్రేకర్ దాకా నడిపినా ఇప్పుడు. అయినా కొట్టుకుంటా ఉండాది."

స్నానం చేసి, నుదుట నామం పెట్టుకుని ఏకాంబరం బయటికొచ్చాడు. "తాళం ఇయ్యి పాపా. పది గంటలకి ఆరుమంది ఉండారు, చంటిబిడ్డతో."

లోహిత కాయలు నేల మీద పెట్టింది గానీ తాళం ఇవ్వలేదు. ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అటు తిరిగాడు. ఆమె వెనక నిలబడి మామూలు గొంతుతో, "నాయనా," అంది. మళ్లీ అంది. మూడోసారీ అంది. ఆయన గుండీలు పెట్టుకుంటూనే ఉన్నాడు. మునెమ్మ నేల చూపులు చూసింది.

లోహిత ముందుకొచ్చి నిలబడింది. "మూడుసార్లు పిలిచినా నాయనా."

ఆయన కూతురి ముఖం చూశాడు, పెళ్లాం ముఖం చూశాడు, నేల మీది కొబ్బరికాయలు చూశాడు. గడప మీద కూర్చున్నాడు. కోప్పడతాడని ఇద్దరూ ఎదురుచూశారు. కోప్పడలేదు.

"అందరికీ తెలుసునా మే?" అన్నాడు. మునెమ్మ తలూపింది.

కాసేపటికి లేచాడు. "బండి తియ్యి పాపా. నువ్వు నడుపు. నేను చెప్పింది సెయ్యి."

ఎప్పటిలాగే చెప్పులు ఇంట్లోనే వదిలాడు. కొండమీదికి ఉత్తి కాళ్లతోనే బండి నడపడం ఆయన అలవాటు. పక్క సీట్లో కూర్చుని అరికాలు కింద ఆనించాడు. తర్వాత వంగి, కాళ్ల కింద మందపాటి రబ్బరు చాపను పీకి వెనక్కి పడేశాడు.

"ఇది వచ్చినప్పట్నించీ కాలికి ఏమీ తెలవడం లే," అన్నాడు.

ఆ చాపలు ఉగాదికి లోహితే కొనిచ్చింది. మొదటి జీతంతో. చెవి పోయాక ఆయనకు మిగిలింది అరికాలు ఒక్కటే. దాన్ని కూడా ప్రేమగా కప్పేసింది తనే! ఇంట్లో అరిచిన అరుపు గుర్తొచ్చి ఆమెకు స్టీరింగు మసకగా కనిపించింది.

"ఏడవబాక. సూసి నడుపు. బ్రేకు తొక్కు. శబ్దం వస్తాందా?"

"రాలే."

"స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు?"

"లేదు. దిగేటప్పుడు ఒకటి. టక్ అని."

"ఎడమకు తిప్పు."

"రవ్వంత."

"కుడికి తిప్పు."

టక్. టక్. లోహిత నోరు తెరిచేలోగా ఆయన చెయ్యెత్తాడు. కాలికి అందింది.

"కుడికి తిరిగితే బరువంతా ఎడమ చక్రం మీద పడతాది. ఎడమ పక్క కింది బాల్ జాయింటు పోయింది. చక్రాన్ని పట్టి ఉంచేది అదే. మెల్లింగా మెకానిక్ పాల్ షెడ్డుకి పోనీ. ఇరవై దాటనీయబాక."

కరకంబాడి రోడ్డులోని షెడ్డులో పాల్ జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు. చక్రం వదులైన పన్నులా కదిలింది. పాత జాయింటు విప్పి ఏకాంబరం అరచేతిలో పెట్టాడు. "ఇంకో నాలుగు మలుపులే, అన్నా. అంతే. ఊడిపోయుండు."

చంటిబిడ్డ ఉన్న ఆ ఆరుమందిని ఢిల్లీబాబు తన బండిలో ఎక్కించుకున్నాడు. మధ్యాహ్నానికి కొత్త జాయింటు పడింది. ఇంటికి వచ్చేటప్పుడు స్పీడ్ బ్రేకర్ దిగితే ఏ శబ్దమూ లేదు. "లేదు గదా?" అని ఆయనే అడిగాడు. లోహిత ఆయన వైపు తిరిగి, పెదాలు కనబడేలా, "లేదు నాయనా," అంది.

వాకిట్లో మునెమ్మ నిలబడి ఉంది. కళ్లు వాచిపోయాయి. "పొరపాటైపాయ," అంది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి తీశాడు. పాత జాయింటును గడప మీద పెట్టాడు.

"సోమవారం చెవుల డాక్టరు కాడికి ముగ్గురం పోవాల. నాకు వినపడదని స్టాండులో నా నోటితో నేనే చెప్తా. చెవికి మిషను పెట్టేదాకా ఆ తాళం నాకు ఇయ్యొద్దు పాపా. నేను బతిమాలినా ఇయ్యొద్దు. మీ అమ్మ ఏడ్చినా ఇయ్యొద్దు. మే మునెమ్మా, యేం సూస్తావు? ఆ రెండు కాయలు తే. ఇప్పుడే, నా ముందర పగలగొట్టు!"