లెక్కల అట్టలో సీరియల్

"అట్ట మీద 'బీజగణితం' అని వేయండి," అంది లెక్కల టీచరు, వారపత్రికల్లోంచి చింపిన సీరియల్ కాగితాల కట్ట బల్ల మీద పెట్టి.

బైండర్ మొదటి పేజీ చూశాడు. హీరోయిన్ వానలో తడుస్తూ ఏడుస్తోంది.

"ఇందులో బీజగణితం ఎక్కడుందండీ?"

"మీ పని కుట్టడం. చదవడం కాదు."

"చదవకపోతే పేజీల వరస ఎలా తెలుస్తుంది?"

"కింద నంబర్లుంటాయిగా."

అతని చెవులు ఎర్రబడ్డాయి. షాపుకి వచ్చిన ప్రతి ప్రేమ సీరియల్నీ జిగురు ఆరేలోపు నమిలి మింగేస్తాడు పాపం. షాపు నడిపే మేనమామకి తెలిస్తే పరువు పోతుందని భయం. దొంగకి దొంగ తోడు దొరికినట్టయింది.

ఆ తర్వాత నెలకో కట్ట తెచ్చేది.

"ఆ డాక్టరు తిరిగొస్తాడంటారా?"

"రాకపోతే రచయిత్రి ఇంటిముందు ధర్నా చేస్తానండీ."

ఆమె నవ్వితే అతనికి సూది వేలికి గుచ్చుకునేది. ఒకరోజు వాన తగ్గేదాకా షాపులోనే నిలబడి, మెల్లగా అంది. "ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. పైవారం మీతో ఒక మాట చెప్పాలి."

పైవారం ఆమె వచ్చేసరికి షాపులో మామయ్య ఉన్నాడు. లా పుస్తకాలూ నిఘంటువులూ తప్ప మిగతావన్నీ పొట్లాలు కట్టడానికే అనే మనిషి. 'బీజగణితం' తెరిచి రెండు పేజీలు తిప్పాడు.

"ఎవరిదిరా ఈ చెత్త?"

'నాదే మామయ్యా' అంటే సరిపోయేది. ఆమె అతని వంకే చూస్తోంది.

"ఎవరో పనీపాటా లేనివాళ్ళు ఇచ్చారు," అని నవ్వాడు.

మామయ్యా నవ్వాడు. ఆమె పుస్తకం అడగకుండానే వెళ్ళిపోయింది. బయట వానున్నా గొడుగు కూడా విప్పలేదు.

రెండు నెలలు రాలేదు. తిండి సయించక, పని సాగక, చివరికి ఆమె స్కూలుకే వెళ్ళాడు. స్టాఫ్ రూములో నలుగురు టీచర్ల ముందు నిలబడి చెప్పేశాడు.

"ఆ సీరియల్స్ నేనూ చదువుతానండీ. ఏడుస్తాను కూడా. మీరంటే నాకు ప్రాణం."

ఆమె అతన్ని వరండాలోకి తీసుకొచ్చింది.

"నాకు పెళ్ళి కుదిరింది. ఆయన మంచివాడే. కథలూ గిథలూ చదవడట."

ఆమె వరండా బయటికి చూస్తూ అంది.

"ఆ రోజు మీరు కథని చూసి సిగ్గుపడ్డారనుకుంటే సాయంత్రానికే మర్చిపోయేదాన్ని. నన్ను చూసి సిగ్గుపడ్డారనుకున్నాను."

"కాదండీ."

"ఆ సంగతి నాకు ఇప్పుడేగా తెలిసింది," అంది.

గంట కొట్టారు. ఆమె కళ్ళు తుడుచుకుని క్లాసుకి వెళ్ళింది.