కోల్డ్ స్టోరేజీ తలుపు

"పనికొస్తుందే!" అన్న కేక వినపడగానే ఆమెకు అర్థమైంది, పెరట్లో ఇంకో చెత్త దిగిందని. టీ గ్లాసుతో బయటికొచ్చి చూస్తే ఈసారి బస్సు సీట్లు, అదీ స్పాంజి ఊడిపోయినవి.

ఆమె భర్తను చుట్టుపక్కల అందరూ 'పనికొస్తుంది మేస్త్రి' అంటారు. ఎక్కడ షెడ్డు కూలినా, ఏ ఫ్యాక్టరీ మూతబడినా ముందు తెలిసేది ఆయనకే. కోళ్ళ గూడు పాత వాషింగ్ మెషీన్ డబ్బాలతో, కంచె సైకిల్ చక్రాలతో, మేకల పాక హోర్డింగు రేకులతో కట్టాడు. అన్నీ గట్టివే, కాదనడానికి లేదు.

ఆమె కుట్టుమిషను గదీ అలాంటిదే. గోడలకు కూలిన బడి ఇటుకలు. తలుపు మూతబడ్డ కోల్డ్ స్టోరేజీది, జానెడు మందం, చుట్టూ రబ్బరు. కిటికీ మాత్రం లేదు. "మంచిది ఎక్కడైనా దొరికేదాకా ఆగు" అన్నాడు. రెండు వానాకాలాలు పోయాయి. కిటికీ వస్తుందని గోడ మీద ఆయన సుద్దతో గీసిన గీతల్ని చూసుకుంటూ, తలుపు బార్లా తెరిచి పెట్టుకుని, ఆమె దిండు గలీబులు కుడుతూనే ఉంది.

ఆ పొద్దున అక్క ఫోన్ చేసింది. "మా షాపు మీద గది ఖాళీగా ఉంది. రెండు కిటికీలు. మిషను తీసుకుని వచ్చెయ్యవే." ఎప్పుడూ కాదనే ఆమె ఈసారి కాదనలేదు. సాయంత్రం చెప్తానంది.

ఆ మాట ఆయన చెవిన ఎలా వెయ్యాలా అనుకుంటూ మిషను ముందు కూర్చుంది. ఇంతలో గాలి విసురుగా కొట్టి తలుపు ధన్‌మని మూసుకుంది. కరెంటు లేదు. గదంతా చీకటి. తడుముకుంటూ వెళ్ళి తోసింది, కదల్లేదు. లోపలివైపు పిడి మొదట్నుంచీ లేదు. బయటి పిడి తిప్పితేనే తెరుచుకునే తలుపది.

"ఏవండీ! తలుపు తియ్యండి!"

పిడి ఉండాల్సిన చోట బొటనవేలంత కన్నంలోంచి వెలుతురు పడుతోంది. అందులో ఆయన కన్ను కనపడింది.

"పిడి లేదే."

"లేకపోవడమేంటి?"

"ఇందాకే ఊడదీశాను. పాక గేటుకి బాగుంటుందని... వెల్డింగ్ చేసేశాను. ఇప్పుడు కొయ్యాలంటే కరెంటు లేదు. రంపంతో కోస్తాలే, కాస్త ఓర్చుకో."

"ఊపిరాడట్లేదండీ! తలుపు పగలగొట్టండి."

"ఇనుపరేకు. గునపం దిగదే."

"అయితే గోడ పగలగొట్టండి."

ఆయన నసుగుతూ, "ఒక్కో ఇటుకా గీకి గీకి కట్టిన గోడే..." అన్నాడు.

ఆమె కన్నానికి నోరు ఆనించింది.

"అక్క దగ్గరికి పోతున్నాను. సాయంత్రం చెప్దామనుకున్నా, ఇప్పుడే వినండి. జనం పారేసినదేదైనా మీకు ముద్దే. నన్నెవరూ పారెయ్యలేదుగా, అందుకే కంటికి ఆనను. కిటికీ దొరకలేదా, కొనబుద్ధి కాలేదా?"

అవతల్నుంచి వచ్చిన ఆయన గొంతు ఆమెకు కొత్తగా ఉంది.

"నేను పనిచేసిన ఫ్యాక్టరీ మూసినరోజు మమ్మల్ని తుక్కులాగే బయటికి నెట్టారే. అప్పట్నుంచి పారేసింది ఏది చూసినా వదిలి రాలేను... ఆ సుద్ద గీతలకి దూరంగా జరుగు."

గునపం దెబ్బ పడింది. ఇంకోటి. ఆయన రొప్పు వినపడుతోంది. ఒక ఇటుక లోపలికి రాలింది, దానివెంట ఎండ, దానివెంట గాలి. ఆమె పరుగున వెళ్ళి ఆ కంతలో ముఖం పెట్టి గుండెలనిండా పీల్చుకుంది. అవతల దుమ్ముకొట్టుకుపోయిన ఆయన ముఖం, కళ్ళకింద రెండు తడిచారలు.

"నిన్ను చీకట్లో కూర్చోబెట్టానే" అన్నాడు. "రేపు షాపుకెళ్దాం. కొత్త కిటికీ. నువ్వే చూసి కొను."

ఆమె ఏడుస్తూనే తలూపింది. కంత పెద్దదయ్యాక చెయ్యిచ్చి బయటికి దింపాడు. దింపాడో లేదో, అలవాటు చొప్పున వంగి విరగని ఇటుకల్ని ఏరసాగాడు.

"ఏవండీ!"

దొంగలా చేతిలోది కింద పడేశాడు. ఆమె వంగి ఆ ఇటుకే తీసి, కొంగుతో దుమ్ము తుడిచింది.

"ఉంచండి. కిటికీ కింద కూర్చోడానికి చిన్న గట్టు కట్టుకుందాం. పనికొస్తుంది."