రెండుసార్లు తడితే తీసెయ్

అందరి దెయ్యాలూ రాత్రిపూట వస్తాయి. నాది మిట్టమధ్యాహ్నం వచ్చింది, అదీ టికెట్ కొనుక్కొచ్చిన జనం ఉన్నచోటికి. మన లెవెల్ అది మరి.

మన దేశం ఏమేం తయారుచేస్తుంది, ఏమేం అమ్ముతుంది, ఎంత ఎదిగింది అని లోకానికి చూపించడానికి పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు కదా, ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. ఓ షెడ్డు నిండా రైలింజన్లు, ఓ షెడ్డు నిండా బట్టల తానులు, గేటు దగ్గర ఇల్లంత గ్లోబు. వాటి నడుమ కిటికీ అన్నదే లేని గుండ్రటి హాలు. అందులో ప్లాస్టర్ మనుషులు... మగ్గం మీద ఒకడు, గనిలో దిగేవాడొకడు, సుత్తి పట్టుకున్న కమ్మరొకడు. వాళ్లని చేసింది నేనే. నేనూ మా బావా అనాలి గానీ, బావ చేసినవాటికి చెవులు వంకర. నా కమ్మరినైతే ఒకావిడ బయటికి దారెటు అని అడిగింది. పలకలేదని తిట్టిపోసి మరీ వెళ్లింది.

బావంటే మా అక్క మొగుడు. చదువుకున్నవాడు. నాకు సంతకం పెట్టాలంటేనే చెమటలు పడతాయి. అందుకే ఆఫీసర్లతో మాట్లాడేది ఆయన, ప్లాస్టర్ కలిపేది నేను. ఎగ్జిబిషన్ అయిపోయినా ఆ హాలు ఉంచేస్తారనీ, బొమ్మల్ని చూసుకోడానికి ఒక్కణ్ణి పర్మినెంటు చేస్తారనీ తెలిసింది.

"ఆ ఉద్యోగం నీదే రా. నేను చెప్తాగా," అన్నాడు బావ. బావ చెప్పాడంటే నాకు ఇంక తిరుగులేదు.

హాలు మధ్యలో నిలబెట్టే పెద్ద బొమ్మకి నా చెయ్యి అచ్చు తీశాం. మర్నాడు మొహం. ఈ పనెలా ఉంటుందంటే, మొహమంతా నూనె పట్టించి, ముక్కులో రెండు గొట్టాలు పెట్టి, పైన ప్లాస్టర్ పోస్తారు. కళ్లు బంద్, నోరు బంద్. నోరు లేదు కాబట్టి వేలితో బల్ల మీద తట్టాలి. ఒకసారి తడితే బానే ఉన్నా. రెండుసార్లు తడితే తీసెయ్. ఆ పద్ధతి కనిపెట్టిందీ నేనే.

ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. మొహం కాలిపోతోంది. ఒక గొట్టం పూడుకుపోయింది. కాసేపటికి రెండోదీ. టక్ టక్ మని తట్టాను. మళ్లీ తట్టాను. ఎవరో ఆఫీసరు గొంతు... పక్కనే బావ గొంతు... తర్వాత ఏమీ వినపళ్లేదు.

కళ్లు తెరిచేసరికి నేల మీదున్నా. బావ నా మొహం మీద నీళ్లు కొడుతూ ఏడుస్తున్నాడు. "ఒక్కసారే తట్టావు రా. బానే ఉన్నావనుకున్నా."

నా వేలే మొరాయించిందేమో అనుకున్నా. బావ అబద్ధమెందుకు చెప్తాడు?

ప్రారంభం రోజు, రిబ్బను కత్తిరించిన పెద్దాయన ఆ బొమ్మ ముందు ఆగి, నన్నూ దాన్నీ మార్చి మార్చి చూశాడు. "నువ్వేనా చేసింది?"

నేను నోరు తెరిచేలోపు బావ అందుకున్నాడు. "వీడు మొహం అరువిచ్చాడండి, అంతే. పనంతా నాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పక్కనే అక్క ఉంది, నవ్వక ఏం చేస్తాను. ఉద్యోగం బావకొచ్చింది.

ఎగ్జిబిషన్ సగంలో ఉండగా బావ కబురు పంపాడు. వెళ్లాను.

"పెద్ద బొమ్మకి వేలు అరిగిపోతోంది రా. అతకడం నాకు చేతకావట్లేదు."

"పనంతా నీదేగా బావా."

"ఎగతాళి తర్వాత చేద్దువుగాని, రా."

ఆ బొమ్మ చెయ్యి ఒక ఇనప చక్రం మీద ఆనించి ఉంటుంది. చూపుడు వేలు కొస నిజంగానే అరిగింది. కింద చక్రం మీద తెల్లటి పొడి. బొమ్మ చెంప తడిమితే గరుగ్గా తగిలింది, వెంట్రుకలు. నూనె సరిగ్గా రాయకపోతే వెంట్రుకలు ప్లాస్టర్‌లో ఇరుక్కుంటాయి. బావ రాసే నూనె సంగతి తెలిసిందేగా అనుకున్నా.

అప్పుడు కరెంటు పోయింది.

కాపలావాళ్లు జనాన్ని బయటికి తోలారు. తలుపు మూసుకుంది. బయట బ్యాండు మేళం దూరంగా, నీళ్లలోంచి వస్తున్నట్టు. లోపల చీకటి... పచ్చి ప్లాస్టర్ వాసన. ఆ బొమ్మలన్నీ ఎండి ఎన్నాళ్లో అయింది.

టక్ టక్.

"తట్టకు రా," గొణిగాడు బావ.

"నేను కాదు."

తడుముకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. చల్లగా, తడిగా ఉన్నాయి ఆయన చేతులు.

టక్ టక్.

"ఆ రోజూ ఇంతే..." అన్నాడు. నాతో కాదు. ఆ బొమ్మ వైపు తిరిగి అన్నాడు. "ఇలాగే తట్టావు..."

నా చేతులు వెనక్కి లాక్కున్నా. దెయ్యం భయంతో కాదు.

"ఎన్నిసార్లు తట్టాను బావా?"

తలుపు వైపు తడుముకుంటూ కదలబోయాడు, చొక్కా పట్టుకుని ఆపాను.

"ఎన్నిసార్లు?"

"రెండు... మళ్లీ రెండు."

"మరి?"

"ఆఫీసరు చూడ్డానికొచ్చాడు రా. ఈ పనెవరిదని అడుగుతున్నాడు. నువ్వు లేస్తే..."

చక్రం మీంచి మళ్లీ వినపడింది.

టక్.

రెండోదాని కోసం ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాం.

రాలేదు.

లైట్లొచ్చాయి. బొమ్మ చెంపల మీద గడ్డం ఇందాకటి కంటే పెరిగి ఉంది. ముక్కు కింద తడి.

బావ అటునుంచి అటే పోయాడు, ఉద్యోగం వదిలేశాడు. ఇప్పుడు ఇంట్లో ఎవరు తలుపు తట్టినా లెక్కపెడతాడని అక్క చెప్తుంది. ఒకసారి తడితే తియ్యడట.

ఆ ఉద్యోగం నాకిచ్చారు. వారానికోసారి ఆ బొమ్మకి గడ్డం గీస్తా. నాది గీసుకుని చాలా ఏళ్లయింది. ఆ బల్ల మీంచి లేచిన రోజు నుంచీ నాకు మొలవడం లేదు. నమ్మకపోతే చెంప తడిమి చూడండి.

చల్లగా తగిలిందా? ఇప్పుడే మొహం కడుక్కున్నా, అంతే.