వానరోజు బాణం

ఆ ఇంటి ముందుగదికి డిటెక్టివ్ పరిశోధన కార్యాలయమని బోర్డు తగిలించి ఆరేళ్లయింది. అంతకుముందు అందులో విరిగిన కుర్చీలూ, ఎవరినీ పారేయనివ్వని మామగారి పత్రికలూ ఉండేవి. బీమా కంపెనీలో పాతికేళ్లు దొంగ క్లెయిములు పట్టుకుని ఉద్యోగం మానేసిన పెద్దకోడలు ఆ గదిని ఖాళీ చేయించి, తనకో బల్ల, తోడికోడలికో బల్ల వేయించింది. చిన్నకోడలికి జీతం లేదు. అక్క బుర్ర ఎలా పనిచేస్తుందో దగ్గరుండి చూడటమే జీతమనుకుని సరిపెట్టుకుంది. పైగా వంటింట్లోంచి తప్పించుకోవడానికి ఇంతకన్నా గౌరవమైన దారి ఆవిడకు తట్టలేదు.

ఆ గురువారం పొద్దున్నుంచీ ముసురు. మెట్ల మీద ఊతకర్రల చప్పుడు వినిపించింది. రెండు చప్పుళ్లు, కాస్త ఆగడం, మళ్లీ రెండు.

"తలుపు బార్లా తీసి, గుమ్మంలో ఆ కాళ్లపట్టా తీసెయ్," అంది పెద్దకోడలు, చదువుతున్న కాగితంలోంచి తల ఎత్తకుండానే. "తడి కర్ర దాని మీద జారుతుంది."

వచ్చినామెకు ముప్పై దాటి ఉంటాయి. వేళ్ల చివర్ల ఎండిన జిగురు పొరలు కట్టి ఉంది. కుడికాలు మోకాలి దగ్గరే ఆగిపోయింది.

"పుస్తకాలు బైండు చేస్తావా అమ్మాయ్?"

"డిటెక్టివని బోర్డు మీద చదివే వచ్చానండీ. నిరూపించక్కర్లేదు," అంటూ ఆమె కుర్చీలో కూలబడింది. నవ్వబోయి మానేసింది. "నాకు మతి చలించిందేమో తేల్చిపెట్టండి. చలించలేదని తేలితే మరీ భయం. నా మీద ఎవరికో పగ ఉన్నట్టే కదా."

ఆమె పాత గ్రంథాలయంలో బైండరు. చేత్తోనే అన్నీ నడిపేలా మార్పించిన చిన్న నీలం కారులో రోజూ పనికి వస్తుంది. గ్రంథాలయం ముందు ఒక స్తంభం. దానికి అటొక బండి, ఇటొక బండి పట్టే చోటు. ఒకటి వికలాంగులకు, రెండోది సరుకు దించే బళ్లకు. ఏది ఎవరిదో చెప్పడానికి స్తంభం మీద చక్రాలకుర్చీ బొమ్మ, కింద అక్షరం ముక్క లేని ఒక బాణం పలక, అంతే. నేల మీద గీతలు ఉండేవి గానీ, రోడ్డు తవ్వి మళ్లీ తారు పోసినప్పుడు వాటిని ఎవరూ తిరిగి గీయలేదు.

"బాణం కుడివైపుంటుంది. కుడివైపే పెడతాను. సాయంత్రం వచ్చి చూస్తే అద్దానికి చలానా! చలానా మీది ఫొటోలో బాణం ఎడమవైపుంటుంది. తలెత్తి చూస్తే మళ్లీ కుడివైపే. మూడుసార్లు ఇలాగే అయింది. నేనూ సాయంత్రం ఫొటో తీసి పట్టుకెళ్లాను. పొద్దుటి తప్పుకి సాయంత్రం ఫొటో చెల్లదన్నారు."

"మూడు పడితే?"

"సోమవారం విచారణ. నా వికలాంగుల పార్కింగు కార్డు రద్దు చేస్తారట. కార్డు పోతే బండి రెండు వీధుల అవతల పెట్టుకోవాలి. అక్కణ్ణుంచి ఈ కర్రలతో నేను రాలేను. బండి పోయినట్టే, పనీ పోయినట్టే. మళ్లీ నన్ను ఎవరో ఒకరు దింపాలి, ఎవరో ఒకరు ఎక్కించాలి." కర్రలు ఒళ్లోకి తీసుకుంది. "నాలుగేళ్లు నేర్చుకున్నానండీ, ఒక్కదాన్నే గుమ్మం దాటడానికి."

"కాలు ఎలా పోయింది?"

"కారు ప్రమాదం. ఇలాంటి వానే. అన్నయ్య నడుపుతున్నాడు. తనకి గోరంత గాయం కూడా కాలేదు. అప్పట్నుంచీ ఏ బండీ ఎక్కడు, ఎంత దూరమైనా నడకే. పాపం, గ్రంథాలయం వీధిలోనే ఫొటోలకి ఫ్రేములు కడతాడు. నేను దిగేది ఎక్కేది అక్కణ్ణుంచి చూస్తూనే ఉంటాడు."

పెద్దకోడలు ఆమె తెచ్చిన మూడు చలానాల ఫొటోలూ బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. తర్వాత చిన్నకోడలి వైపు జరిపింది. "బాణం కాకుండా ఇంకేం కనిపిస్తోంది?"

నీలం కారు, తడిసిన నేల, స్తంభం. కారు తలుపు కింద మురుగుకాలువ మీద ఇనప చువ్వల మూత. మూత మీద నల్లటి పట్టా ఏదో పరిచి ఉంది. "మూడింటిలోనూ వానేనక్కా," అంది చిన్నకోడలు.

"ఆ పట్టా నీదా అమ్మాయ్?"

"కాదండీ. వానరోజుల్లో ఎవరో వేస్తారు. చువ్వల మధ్య కర్ర దిగబడకుండా కాపలాతను వేస్తున్నాడనుకున్నా."

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఆ వీధికి వెళ్లారు. కాపలాదారుకు పట్టా సంగతి అడిగేదాకా తెలియదు. గ్రంథాలయంలో లిఫ్టుకు "త్వరలో బాగుచేయబడును" అన్న కాగితం వేలాడుతోంది. ఆ కాగితం కూడా రంగు వెలిసింది. బైండింగ్ గది పై అంతస్తులో, ఇరవై రెండు మెట్ల మీద ఉంది.

ఎదుటి కళ్లజోళ్ల షాపులో స్టూలు అడిగి తెచ్చి, చిన్నకోడలు చీర దోపుకుని స్తంభం దగ్గర ఎక్కింది. మునివేళ్ల మీద నిలబడితే గానీ పలక అందలేదు. స్తంభం, పై బోర్డు తుప్పు పట్టి ఉన్నాయి. బాణం పలకను పట్టి ఉంచిన నట్టు మాత్రం మెరుస్తోంది. రెండు చెవులున్న నట్టు, చేత్తో తిప్పేది. వేళ్లకు నూనె అంటింది.

"కొంచెం వదులు చేసి పలక తిప్పితే బాణం అటు తిరిగిపోతోందక్కా. చప్పుడు కూడా లేదు."

"నేనయితే తిప్పలేదు," అన్నాడు కళ్లజోళ్లాయన గుమ్మంలోంచి. గుండ్రంగా, పొట్టిగా ఉన్నాడు. "మనసులో వందసార్లు తిప్పాను. ఒక్క బండి చోటు నా సరుక్కి చాలడం లేదు మరి. చేత్తో తిప్పాలంటే నాకు నిచ్చెన కావాలి, వీధంతా చూస్తుంది. అసలు నా దగ్గర అద్దాలు కొన్నవాడికి కూడా ఆ బోర్డు అర్థం కాదమ్మా."

చలానాలు రాసే ఆవిడ వీధి చివర టోపీ మీద ప్లాస్టిక్ సంచీ తొడుక్కుని దొరికింది. తనను ఎవరూ ఆపి మాట్లాడరు కాబట్టి, మాట్లాడేవాళ్లు దొరకగానే ఆగలేకపోయింది.

"ఇటు నా రౌండు మధ్యాహ్నం మూడింటికండీ. ఆ మూడు రోజులు మాత్రం పదింటికే ఆఫీసుకి ఫోనొచ్చింది. దగ్గర్లోనే ఉన్నా కదాని నాకు కలిపారు. మగ గొంతు. బండి నంబరు గడగడా చెప్పాడు. వచ్చి చూస్తే చెప్పినట్టే ఉంది, రాశాను. నా తప్పేముంది?"

"ఇంకేమన్నాడు?"

ఆవిడ టోపీ మీది సంచీ సర్దుకుంది. "అదే విచిత్రం. ఫిర్యాదు చేసేవాళ్లు ఎప్పుడూ నాలుగు దులపమంటారు. ఇతను మూడుసార్లూ, 'చీటీ అద్దానికి పెట్టి వెళ్లండి, ఆమెని కిందికి పిలవకండి, మెట్లు తడిగా ఉన్నాయి' అన్నాడు."

పెద్దకోడలు నాలుగడుగులు వేసి ఆగింది. "నీ సంచీలో అత్తగారి ఫొటో ఉందా?"

ఉంది. దాని అద్దం పగిలి ఏడాదైంది. బాగు చేయిస్తానని చిన్నకోడలు దాన్ని ఏడాదిగా సంచీలో తిప్పుతోంది. అత్తగారు ఊరంతా చూసి వస్తున్నారని ఇంట్లో హాస్యం.

ఫ్రేముల దుకాణం మూడు గుమ్మాల అవతల. అన్న గుమ్మంలో తల వంచుకుని బయటికి వచ్చేంత పొడగరి. గొంతు మెత్తన. ఫొటోను రెండు చేతులతో అందుకుని, కొత్త అద్దాన్ని బల్ల మీద నల్లటి రబ్బరు పట్టాపై పెట్టి కొలతేసి కోశాడు. పట్టా నిండా కోతల గీతలు, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉన్నాయి. కిటికీలోంచి స్తంభం, దాని కింద నీలం కారు కనిపిస్తున్నాయి.

"మీరు మా చెల్లి కేసు చూస్తున్నారటగా," అన్నాడు పని ఆపకుండా. "మీరైనా చెప్పండమ్మా, వానలో బండి తీయొద్దని. నా మాట వినదు."

బయటికి రాగానే చిన్నకోడలు గొడుగు తెరవడం మర్చిపోయింది. "అక్కా, ఇది మనిద్దరి మధ్యే ఉంచేద్దాం. నట్టు గాలికి తిరిగిందని చెప్దాం."

"మూడుసార్లు, వానరోజే, సరిగ్గా పదింటికి తిరిగే గాలా?" పెద్దకోడలు తనే గొడుగు తెరిచి ఆవిడ తల మీద పట్టింది. "ఆ పిల్ల తన మతి మీద అనుమానంతో మన దగ్గరికొచ్చింది. మతి మీద నమ్మకం తిరిగి ఇవ్వాలంటే ఆమె నుంచి అన్నని తీసుకోక తప్పదు. నాకేమైనా సరదాగా ఉందనుకున్నావా?"

శనివారం మధ్యాహ్నం గ్రంథాలయం కింది హాలులో అందరూ సమావేశమయ్యారు. బయట వాన. చలానాల అధికారి ఫైలును గొడుగులా వాడి తెచ్చాడు. చలానాలావిడ, కళ్లజోళ్లాయన గోడవారగా కూర్చున్నారు. అన్న చెల్లెలి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ముందు మీరు చెప్పండి సార్," అంది పెద్దకోడలు. "వికలాంగుల చోటు మీ ఫైలులో ఎక్కడుంది?"

"స్తంభం పక్కన."

"ఏ పక్కన?"

అధికారి కాగితాలు తిరగేశాడు. "పక్కన," అన్నాడు మళ్లీ, చిన్నగా.

"అంటే ఆ బాణం తప్ప ఈ అమ్మాయికి వేరే సాక్ష్యం లేదు. దాన్ని చేత్తో తిప్పే నట్టుతో వదిలేశారు. అది మీ తప్పు, రాసుకోండి. ఇక తిప్పిందెవరు? మొదట పగవాడనుకున్నాను. కళ్లజోళ్లాయనకి కోపం ఉంది గానీ ఎత్తు లేదు. నిచ్చెన వేస్తే వీధంతా చూసేది. చలానాలావిడ ఫోనొస్తేనే వచ్చింది. ఆ ఫోను చేసినతనికి బండి నంబరు కంఠతా వచ్చు. ఈ అమ్మాయి పనిచేసేది మెట్ల పైనని తెలుసు. చలానా రాయమన్న నోటితోనే, మెట్లు తడిగా ఉన్నాయి, పిలవకండన్నాడు."

చిన్నకోడలు తన చేతిసంచీ వైపు చూస్తూ కూర్చుంది.

"మూడు ఫొటోల్లోనూ కారు తలుపు కింద రబ్బరు పట్టా ఉంది. ఇవాళా ఉంది, వచ్చేటప్పుడు వంగి చూశాను. దాని మీద అద్దం కోసిన గీతలున్నాయి. కర్ర చువ్వల్లో దిగబడి పడిపోతుందేమోనని పట్టా వేసినవాడూ, బాణం తిప్పినవాడూ ఒక్కడే. చెల్లెలు లోపలికి వెళ్లగానే తిప్పి, ఫోను చేసి, చీటీ పడ్డాక మళ్లీ సరిచేసేవాడు. ఎండరోజుల్లో ఓర్చుకున్నాడు. వాన పడితే ఓర్చుకోలేకపోయాడు. కార్డు పోతే బండి పోతుంది, బండి పోతే భయం పోతుంది. అంతేనా బాబూ?"

"అంతేనండీ," అన్నాడు అన్న. "వాన పడితే ఆ చప్పుడు వినిపిస్తుంది నాకు. రేకు చప్పుడు. చెల్లి బండి దిగేదాకా కిటికీ దగ్గరే ఉంటాను. మళ్లీ సాయంత్రం..."

చెల్లెలు వెనక్కి తిరగలేదు. "నాకు పిచ్చెక్కుతోందని నీతో చెప్పుకున్నానన్నయ్యా. నీతోనే. నువ్వు నా తల నిమిరావు."

"ఆ రోజే చెప్పేద్దామనుకున్నానమ్మా."

"అనుకున్నావు."

అధికారి ఫైలు తెరిచాడు. బోర్డు ఎవరో తిప్పారని రాతపూర్వకంగా ఉంటే చలానాలు కొట్టేయచ్చు, కార్డు ఉంటుంది. కానీ పేరుండాలి. ఆ పేరు మీద కేసు పెట్టాల్సి వస్తుంది. పేరు లేకపోతే సోమవారం విచారణ మామూలుగానే జరుగుతుంది. ఇదంతా ఆయన ఫైలుకే చెప్పాడు, మనుషుల వైపు చూడకుండా.

ఫారం చెల్లెలి ఒళ్లోకి వచ్చింది. ఆమె కలం తీసుకుంది. కలం పేరు రాయాల్సిన ఖాళీ గడి మీదే ఆగిపోయింది. అన్న ముందుకు వంగి కలాన్ని మెల్లగా తీసుకున్నాడు. నిలబడే, కుర్చీ చేతిమీద కాగితం పెట్టుకుని, తన పేరు తనే రాశాడు. ఫ్రేము వెనక కొన్నవారి పేరు రాసినంత పొందిగ్గా రాశాడు. కింద చెల్లెలు సంతకం పెట్టింది.

"ఆ నట్టు మార్పిస్తారా?" అడిగింది పెద్దకోడలు.

"టెండరు పిలవాలండీ," అన్నాడు అధికారి.

కళ్లజోళ్లాయన లేచి షాపుకి వెళ్లి, ఇనపతీగ, పట్టకారు, స్టూలు తెచ్చాడు. బాణం కుడివైపు ఉండగా చిన్నకోడలు స్టూలెక్కి నట్టుకు తీగ బిగించింది. ఆయన కింద స్టూలు పట్టుకుని నిలబడ్డాడు.

చెల్లెలు గుమ్మం మెట్లు దిగి కారు దగ్గరికి వచ్చింది. తలుపు కింద పట్టా పరిచి ఉంది. ఊతకర్ర కొనతో దాన్ని పక్కకి నెట్టింది. చువ్వల మధ్య కాకుండా చువ్వ మీదే కర్ర మోపి, ఒకసారి అదిమి చూసుకుని, బండెక్కింది. ఇంజను మోగింది. బండి కదల్లేదు. రెండోవైపు తలుపు తాళం టక్కున తెరుచుకుంది.

వానలో నిలబడ్డ అన్నకు ఆ చప్పుడు వినిపించింది. వచ్చి తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. అద్దం మీద వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఆమె ముందుకే చూస్తూ కూర్చుంది. అతను చెయ్యి తీసేశాడు. కాసేపటికి నీలం కారు నెమ్మదిగా వెనక్కి జరిగి, మలుపు తిరిగి వెళ్లిపోయింది.

"గెలిచినట్టేనా అక్కా?" అంది చిన్నకోడలు స్టూలు దిగుతూ.

"కార్డు నిలబడింది," అంది పెద్దకోడలు. గొడుగు తెరవడానికి రెండుసార్లు ప్రయత్నించింది.

అత్తగారి ఫొటో ఇంకా అతని దుకాణంలోనే ఉంది. ఎప్పుడిస్తావని అడగడానికి చిన్నకోడలికి నోరు రాలేదు. అన్న ఖాళీ అయిన చోట వంగి, పక్కకి పోయిన పట్టాను లాగి, చువ్వల మీద నాలుగు మూలలూ సరిచేసి పరిచాడు. సోమవారం కూడా వానే ఉండేట్టుంది. తర్వాత నడుచుకుంటూ వెళ్లిపోయాడు.