మూడోసారి ఆయిల్ మార్చాక

కారు డోరు తెరిచీ తెరవగానే మెకానిక్ తుమ్మాడు. ఒకటి కాదు, వరసగా ఏడు.

"జలుబాండీ?" అంది నాగజ్యోతి, స్టీరింగ్ ముందు నుంచి కదలకుండానే.

"కారులో మిరపకాయలు మోస్తారా ఎవరైనా?" కళ్లు తుడుచుకుంటూ అడిగాడు ప్రేమ్‌చంద్.

"మిరప రైతు ఇంట్లో కారు మల్లెపూలు మోస్తుందా? నిన్ననే రెండు బస్తాలు వేసుకొచ్చాం. మీరు కారు సంగతి చూడండి, కాయల సంగతి మా నాన్న చూసుకుంటాడు."

మొదటి పలకరింపే ఇలా ఏడిసింది మరి!

మార్టూరు హైవే పక్కన రేకుల షెడ్డు అది. రోజూ ఆ షెడ్డు ముందు నుంచే నాగజ్యోతి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌కి వెళ్తుంది. అక్కడ సూపర్‌వైజరు. డిగ్రీలో ఉండగా బస్సు ప్రమాదంలో ఆమె ఎడమ కాలు దెబ్బతింది. కొంచెం కుంటుతూ నడుస్తుంది గానీ, క్లచ్ తొక్కడం మాత్రం ఆ కాలి వల్ల కాదు. అందుకే తన జీతంతో ఈ పద్దెనిమిదేళ్ల నాటి ఆటోమేటిక్ కారు కొనుక్కుంది. దీనికి క్లచ్ ఉండదు, గేర్లు వాటంతటవే మారతాయి. ఇప్పుడు ఆ మారడంలోనే తేడా వచ్చింది.

గుంటూరులో ఎవరికో చూపిస్తే గేర్‌బాక్స్ పోయింది, మొత్తం మార్చాలన్నారు. ఇదే అదను అనుకున్నాడు నాన్న చలమయ్య. సోమవారం తుక్కు బేరగాణ్ణి రమ్మని కబురు పెట్టేశాడు. "ఆ తిరుగుడు చాలు, ఇక ఇంటిపట్టున ఉండు" అన్నాడు. ఇవాళ శనివారం. కారు పోతే ఊరి నుంచి రెండు బస్సులు మారి, ఆ పైన మైలు దూరం నడవాలి. ఉద్యోగం వదులుకున్నట్టే.

"ప్రాబ్లం ఏంటో చెప్పండి," అన్నాడు ప్రేమ్‌చంద్.

"సోమవారం తుక్కు బేరగాడు వస్తున్నాడు, ఈలోపే తేల్చాలి. థర్డ్ గేర్ పడేటప్పుడు ఇంజన్ ఊరికే అరుస్తుంది, కారు లాగదు. తర్వాత ఢామ్మని ఒక్క తన్ను తంతుంది."

"ఎప్పుడు? బయల్దేరినప్పుడా, కాసేపు నడిచాకా?"

"భోజనానికి ముందా తర్వాతా అని కూడా అడుగుతారా డాక్టరుగారూ?"

"అడుగుతా. ఇంజన్ వేడెక్కక ముందా, వేడెక్కాకా?"

నాగజ్యోతి ఆలోచించింది. ఈ ప్రశ్న ఇంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు. "వేడెక్కాకే. ఊళ్లో బానే ఉంటుంది, హైవే ఎక్కాక మొదలవుతుంది."

"ఎడమ కాలు బ్రేకు మీద ఆనించి నడిపే అలవాటుందా? చాలామంది చేసే తప్పు అదే."

అంతే, నాగజ్యోతికి చుర్రుమంది. డోరు తీసుకుని దిగి, కుంటుకుంటూ నాలుగడుగులు వేసి అతని ముందు నిలబడింది. "ఎడమ కాలితో అన్ని వేషాలు వెయ్యగలిగితే ఈ కారెందుకండీ కొంటాను?"

ప్రేమ్‌చంద్ ముఖం మాడిపోయింది. "సారీ అండీ. చూళ్లేదు."

"ఇప్పుడు చూశారుగా. ఎక్కండి. నేనెలా నడుపుతానో అది కూడా చూడండి."

అతను పక్క సీట్లో కూర్చున్నాడు. కారు కదిలించే ముందే, బ్రేకు తొక్కి ఉంచి గేరు డ్రైవ్‌లో వెయ్యమన్నాడు. వేసింది. అతను వేళ్ల మీద లెక్కపెట్టాడు. రెండో వేలు ముడిచాక గానీ గేరు పట్టలేదు.

"వెంటనే పట్టాలి. రెండు సెకన్లు తీసుకుంటోంది. పోనివ్వండి."

హైవే మీద అద్దంకి వైపు పది కిలోమీటర్లు పోయారు. మెల్లగా తొక్కమన్నాడు, తర్వాత గట్టిగా తొక్కమన్నాడు. కారు తన్నినప్పుడల్లా తలాడించాడు. మిగతా టైమంతా కళ్లు మూసుకునే ఉన్నాడు.

"నిద్రపోతున్నారా?"

"వింటున్నా."

నాగజ్యోతి నడుపుతుంటే పక్కన కూర్చున్నవాళ్లెవరైనా పైన హ్యాండిల్ పట్టుకుని దేవుణ్ణి తలుచుకునేవాళ్లే. కళ్లు మూసుకుని కూర్చున్న మొదటి మనిషి ఇతనే. ఆ సంగతి ఆమెకు నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

షెడ్డుకి తిరిగొచ్చాక ఇంజన్ ఆపనివ్వలేదు. బానెట్ ఎత్తి, గేర్‌బాక్స్ ఆయిల్ కొలిచే స్టిక్ బయటికి లాగాడు.

"ఈ ఆయిల్ ఎర్రగా, పల్చగా ఉండాలండీ. ఇది చూడండి, నురగ. పైగా ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువుంది." రెండు వేళ్ల మధ్య రుద్ది వాసన చూశాడు. "మీ ఇంట్లో ట్రాక్టర్ ఉందా?"

"ఉంది. అయితే?"

"ఇది ట్రాక్టర్ గేర్ ఆయిల్. చిక్కగా ఉంటుంది. ఈ గేర్‌బాక్స్‌కి అది పడదు, అందుకే గేర్లు జారుతున్నాయి. గేర్‌బాక్స్ పోలేదండీ, తినకూడనిది తింది, అంతే."

ఎగిరి గంతెయ్యాల్సిన మాట. కానీ నాగజ్యోతి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంట్లో ఆ ఆయిల్ డబ్బా ముట్టుకునేది ఒక్క నాన్నే. ఉద్యోగం మానమని రెండేళ్లుగా పోరుతున్నాడు. మాట చెల్లలేదని ఈ పని చేశాడన్నమాట! సొంత కూతురి కారు!

"కావాలనే పాడుచేశాడు," అంటూ ఫోన్ తీసింది. "ఇప్పుడే కడిగేస్తా."

"ఒక్క నిమిషం," అన్నాడు ప్రేమ్‌చంద్. స్టిక్ శుభ్రంగా తుడిచి ఆమెకి చూపించాడు. కంపెనీ గీతకి కాస్త పైన గోనెసంచి పురికొస ఒక ముడి బిగించి ఉంది. "ట్రాక్టర్ స్టిక్ మీద గీత అరిగిపోతే మనవాళ్లు ఇలాగే దారం కట్టుకుంటారు. ఇది లోపల ఊడిపోతే ప్రమాదం, తీసేస్తాను. కానీ ఒకటి చెప్పండి. పాడుచెయ్యాలనుకున్నవాడు కొలత పెట్టుకుని పోస్తాడా?"

నాగజ్యోతి ఆ ముడి వైపు చూస్తూనే నంబరు నొక్కింది. స్పీకర్ పెట్టింది.

"నాన్నా, నా కారులో ఆయిల్ పోశావా?"



"ఆదివారం పూట చూస్తుంటానమ్మా. నువ్వు లేవకముందు. గీత సరిగా ఆనక దారం కట్టుకున్నా. పొద్దున్నే చూస్తే తగ్గినట్టు కనబడేది, కాస్త పోసేవాణ్ణి. ఒక్కదానివే హైవే మీద పోతావు. మధ్యలో ఆగిపోతే ఆ కాలేసుకుని ఎంతసేపని నిలబడతావు? ఏం, తక్కువైందా?"

"ఎక్కువైంది నాన్నా!" అని నవ్వింది నాగజ్యోతి. నవ్వుతూనే ఏడ్చేసింది.

ఫోన్ ప్రేమ్‌చంద్ అందుకున్నాడు. "బాబా..." అని మొదలుపెట్టి, నాగజ్యోతి వైపు ఒకసారి చూసి, నాలిక్కరుచుకుని, "పెద్దాయనా," అన్నాడు. "చల్లగా ఉన్నప్పుడు ఇది తక్కువే చూపిస్తుందండీ. వేడెక్కాక, ఇంజన్ ఆన్‌లో ఉంచి చూడాలి. బేరగాణ్ణి రావద్దని చెప్పండి. ఒక్కసారి మారిస్తే పాత ఆయిల్ సగం లోపలే ఉండిపోతుంది. అందుకని ఇవాళొకసారి, ఆ తర్వాత రెండు శనివారాలు మారుస్తాను."

బాబాయ్ అనబోయి ఎందుకు మింగేశాడో నాగజ్యోతికి అర్థం కాకపోలేదు. ఇంటికి పోతూ దారంతా నవ్వుకుంది.

రెండో శనివారం వెళ్లేసరికి షెడ్డు నీడన కొత్త కుర్చీ వేసి ఉంది. "కస్టమర్ల కోసం," అన్నాడు. అప్పటికే అక్కడ ముగ్గురు కస్టమర్లు నిలబడి ఉన్నారు. వాళ్లనెవర్నీ కూర్చోమనలేదు మరి!

మూడో శనివారం ఆయిల్ ఎర్రగా వచ్చింది. హైవే మీద ఒక చుట్టు తిరిగొచ్చారు. థర్డ్ గేర్ ఎప్పుడు పడిందో కూడా తెలియలేదు. ప్రేమ్‌చంద్ తుడిచిన బానెట్టే మళ్లీ మళ్లీ తుడుస్తూ, "వచ్చే శనివారం కూడా ఒకసారి రండి," అన్నాడు.

"మూడే అన్నారుగా?"

"సౌండ్ వినాలి."

"ఇప్పుడు వినండి."

"ఇప్పుడు... ట్రాఫిక్ ఎక్కువుంది."

నాగజ్యోతి రోడ్డు వైపు చూసింది. కనుచూపుమేరలో ఒక్క బండి లేదు.

"కారుకి మూడు చాలండీ," అన్నాడు చివరికి, బానెట్ వైపే చూస్తూ. "నాకే చాలడం లేదు."

"ఇది నాకు చెప్తున్నారా, బానెట్‌కా?"

అతను తలెత్తాడు. "మీకే. మీరంటే నాకు చాలా ఇష్టం."

నాగజ్యోతి రోజూ గ్రానైట్ పలకలో సన్నటి చీలికను కూడా పట్టుకునే కళ్లతో అతని ముఖమంతా వెతికింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

"చేతులు కడుక్కోండి," అంది.

"ఎందుకు?"

"నాక్కూడా ఇష్టమే కాబట్టి. ఎక్కండి, మా నాన్నకి మీరే చెప్పాలి."

చలమయ్య కల్లంలో కాయలు తిరగేస్తున్నాడు. ప్రేమ్‌చంద్ చెప్పిందంతా విన్నాడు. కూతురి ముఖం చూశాడు. తలగుడ్డ విప్పి మెడ తుడుచుకున్నాడు.

"మీ పెద్దవాళ్లని తీసుకురా, మాట్లాడదాం. ముందు నాకొకటి చెప్పు. పెళ్లయ్యాక దీన్ని ఉద్యోగం మానమంటావా?"

నాగజ్యోతి తండ్రి వైపు గుడ్లప్పగించి చూసింది. ఈ మాట అడుగుతున్నది నాన్నేనా!

"అననండీ," అన్నాడు ప్రేమ్‌చంద్.

"ఇప్పుడు అలాగే అంటారు. కారు నడిపేది మా అమ్మాయే. నువ్వు పక్కన కూర్చోవాలి. తెలిసిందా?"

"ఈ మూడు శనివారాలూ అక్కడే కూర్చున్నానండీ. నాకు ఆ సీటే బావుంది."

చలమయ్య అతణ్ణి ఎగాదిగా చూసి, కూతురి వైపు తిరిగాడు. "అలా చూస్తావేంటే? అబ్బాయి ఎండలో నిలబడి ఉన్నాడు, మంచం వాల్చు," అన్నాడు.