రాగి పూత తీగ

"డ్యామ్ గేటుకి బాంబు కట్టారు," అన్నాడు చీఫ్. "షిఫ్ట్ సైరన్ టైముకి పేలుతుంది. దిగువన ఉన్న ఊరు ఖాళీ చేయించే వ్యవధి లేదు."

ఏజెంట్ మిణుగురు లైన్‌మ్యాన్ వేషంలో బయల్దేరాడు. అతని సంచి సర్దింది చిలక. డిపార్ట్‌మెంట్‌లో పరికరాలన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్తాయి. ఆమె నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నడిచొస్తుంటే చీఫ్ అంతటివాడు కూడా ఫైలు తలకిందులుగా పట్టుకునేవాడు. ఒక మిషన్‌లో ఇద్దరూ బావామరదళ్లుగా నటించారు. పని ముగిసినా "బావా" అన్న పిలుపు మిగిలిపోయింది. దానికే మిణుగురు పడిపోయాడు. పెళ్ళి మాట ఎత్తితే ఆమె సరేనంది కూడా.

బాంబుని గేటుకి బిగించింది దాని సర్క్యూట్ తీగే. అది తెగితేగానీ బాంబు ఊడి రాదు. కానీ బాంబు మీదున్న మీటరులో కరెంట్ ఎర్ర గీత కిందికి దిగితే అక్కడే పేలుతుంది. కాబట్టి ముందు ఇంకో తీగతో కరెంట్‌కి వేరే దారి చూపించి, ఆ తర్వాత కొయ్యాలి. ఆ దారి కోసమే చిలక ఓ రాగి తీగ చుట్ట ఇచ్చింది.

ఇయర్‌ఫోన్‌లో ఆమె గొంతు వినిపించింది. "చుట్ట విప్పక్కర్లేదు, అలాగే కలిపి కోసెయ్యండి. మీరు ఆలోచిస్తూ కూర్చోకండి."

మిణుగురు చేయి ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆమె అతన్ని 'మీరు' అన్నది లేదు. చావబోయేవాణ్ణి 'నువ్వు' అనడానికి నోరు రాలేదేమో.

తీగని వంచి చూశాడు. రాగి అయితే వంచినట్టే ఉండిపోవాలి. ఇది మొండిగా వెనక్కి లేచింది. చాకుతో గీకితే ఎర్ర పూత కింద తెల్లగా ఇనుము బయటపడింది. రాగిలో పారినంత సులువుగా ఇనుములో కరెంట్ పారదు. అందులోనూ అంత సన్నటి, అంత పొడుగు తీగ. కోసిన మరుక్షణం మీటరు పడిపోయేది. నమ్మించి గొంతు కోసింది. అతని కళ్ళు మసకబారాయి. ఏడవడానికి మాత్రం తీరిక లేదు.

చుట్టంతా జానెడు ముక్కలుగా నరికాడు. పొడవు తగ్గితే కరెంట్‌కి అడ్డు తగ్గుతుంది. ముక్కలన్నీ పక్కపక్కన పేర్చి లావుగా కట్టకట్టి, రెండు చివరలూ బిగించి, పాత తీగ కోశాడు. ముల్లు వణికి, ఎర్ర గీత పైనే నిలిచింది. అంతలో కట్ట వేడెక్కసాగింది. వేడెక్కిన ఇనుము కరెంట్‌కి ఇంకా మొరాయిస్తుంది. ముల్లు కిందికి జారుతుంటే సీసాలో నీళ్లన్నీ కట్ట మీద కుమ్మరించి, బాంబుని ఊడబెరికి, పక్కనున్న ఇసుక గొయ్యిలోకి విసిరేశాడు. సైరన్ మోగింది. ఇసుక ఆకాశానికి లేచింది. గేటు చెక్కుచెదరలేదు.

చిలకని ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకున్నారు. మొదట్నుంచీ తను ఆ బాంబు పెట్టిన ముఠా మనిషినేనని నిబ్బరంగా ఒప్పుకుంది.

"మరి పెళ్ళికి ఒప్పుకున్నది?" అడిగాడు మిణుగురు.

"డ్యూటీ," అంది ఆమె తల దించుకుని.

చీఫ్ అతని భుజం తట్టి, రేపట్నుంచి కొత్త పరికరాల ఆఫీసర్ వస్తోందని, చాలా నమ్మకస్తురాలని చెప్పాడు.

"రానివ్వండి సార్," అన్నాడు మిణుగురు. "తీగ మాత్రం నేను కొట్లో కొనుక్కుంటాను."